వీధిపోటుకు వదిలిన జాగా

గిడ్డయ్య చేసినదాన్ని ఏ పేరుతో పిలవాలో వీరభద్రకు ఈనాటికీ తెలియదు. దొంగతనమంటే పోలీసులు నవ్వారు. మోసమంటే వకీలు కాగితం ఏదని అడిగాడు. పోనీ కబ్జా అందామంటే గిడ్డయ్య ఆ జాగాలో ఒక రాయి పాతలేదు, ఒక మేకు కొట్టలేదు. నడిచాడంతే. పొద్దున పాలకు పోయి వచ్చాడు, సాయంత్రం మోటారుసైకిలు మీద బజారుకు పోయి వచ్చాడు. అట్లా పోయి వచ్చి, పోయి వచ్చి, వీరభద్ర దుడ్లు పెట్టి కొన్న జాగాను ముందు కాలిబాట చేశాడు, తర్వాత మున్సిపాలిటీ రోడ్డు చేశాడు. నడవడం నేరమని ఏ చట్టంలోనూ లేదట.

వీరభద్రది పిండిగిర్ని. ఆరో తరగతిలో బడి మానేసి తండ్రి గిర్నీలో గంపలెత్తడం మొదలుపెట్టినవాడు, యాభై మూడేళ్లు వచ్చినా ఆ పిండిలోంచి బయటపడలేదు. కనుబొమలు ఎప్పుడు నెరిశాయో అతనికే తెలియదు. బస్టాండు వెనక అద్దె గదిలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఊరికి జొన్నలు, సజ్జలు, కొర్రలు ఆడించి ఇస్తున్నాడు. శ్రావణమాసం మొదట్లో ఆ గది ఓనరు కొడుకు వచ్చి, కారు దిగకుండానే అద్దం దించి చెప్పాడు.

"వీరభద్రప్పా, ఈడ కాంప్లెక్సు కట్టిస్తాండాం. కార్తీకం ఎల్లేలోపల నీ మిషన్లు ఎత్తుకోవల్ల."

"ఉన్నట్టుండి ఎత్తుకోమంటే యాడికి పోవల్లప్పా?"

"ఏంటికి, నీకు సొంత జాగా ఉండాది కదా! మంత్రాలయం రోడ్డులో రాజా మాదిరి జాగా పెట్టుకోని ఈ ఎలకబొక్కలో ఏం చేస్తాండావు?"

ఎగతాళి మాటే అయినా అందులో అబద్ధం లేదు. జాగా ఉంది. తూర్పు పడమర ముప్పై ఆరు అడుగులు, ఉత్తరం దక్షిణం యాభై నాలుగు. రెండువందల పదహారు గజాలు. పదహారేళ్ల కిందట భార్య ఉరుకుందమ్మ కమ్మలూ, రెండు పాడి ఎనుములూ అమ్మి కొన్నది. ఉత్తరం రోడ్డుకు ఆనించి గిర్నీకి ఒక గది, దాని వెనక తాము ఉండటానికి రెండు గదులు. ఇంతకు మించి వాళ్లేమీ కోరలేదు. కానీ గిర్నీకి త్రీ ఫేజు కరెంటు కావాలి. గోడలు లేపడానికి బ్యాంకు అప్పు కావాలి. కరెంటాఫీసులోనూ బ్యాంకులోనూ అడిగేది ఒకటే కాగితం, మున్సిపాలిటీ పర్మిషను. దసరాలోపల అది చేతికొస్తే ముందర గదయినా లేపి మిషన్లు దించుకోవచ్చు. రాకపోతే గిర్నీ ఆగిపోతుంది. గిర్నీ ఒక నెల ఆగిందంటే జనం ఇంకో గిర్నీకి అలవాటు పడతారు. ఒకసారి అటు పోయిన గంప మళ్లీ ఇటు రాదని వీరభద్రకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ప్లాను కాగితాలు పట్టుకుని మున్సిపాలిటీకి పోతే తీసుకోరు. లైసెన్సున్న ఇంజనీరు గీసి కంప్యూటర్లో పెట్టాలి. చర్చి వీధిలో కృపారాణి అనే అమ్మాయి ఆ పని చేస్తుంది. వయసు చిన్నదే గానీ మాట నిక్కచ్చిది. టేపు తీసుకుని జాగా దగ్గరికి వచ్చి గోడ ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచింది. తలాడించి మళ్లీ కొలిచింది.

"అన్నా, దస్తావేజులో ముప్పై ఆరుండాది. ఈడ ఇరవై ఏడే వస్తాండాది."

"గోడ అవతల తొమ్మిదుండాదిలేమ్మా. అదీ నాదే."

"గోడ అవతలుండేది రోడ్డు కదన్నా. సిమెంటేసినారు, కరెంటు స్తంభం పాతినారు."

"రోడ్డు కాదు తల్లీ. అది వీధిపోటుకు వదిలింది."

కృపారాణి టేపు చుట్టడం ఆపి అతని మొహంలోకి చూసింది.

"పొడుగంతా వదిలినావా?"

"పొడుగంతా."

"అయ్యో దేవా," అని ఆ అమ్మాయి అక్కడే ఒక బండ మీద కూర్చుంది.

ఆ సంగతి ఇది. జాగా కొన్న కొత్తలో, రోడ్డుకు అవతల ఉత్తరం వైపు నుంచి ఒక సందు వచ్చి రోడ్డులో కలిసేది. తొమ్మిది అడుగుల సందు. తిన్నగా వచ్చి వీరభద్ర జాగాను పడమటి కొసన పొడిచినట్టు ఆగేది. ప్రహరీ కట్టడానికి పిలిచిన కంబన్న మేస్త్రి ఆ సందులో నిలబడి, ఒక కన్ను మూసి చూసి, నోట్లో వక్కాకు ఉమ్మేసి, "వాయవ్యం పోటు" అన్నాడు. ఆ చుట్టుపక్కల పేటల్లో కంబన్న మాటంటే సిద్ధాంతి మాట కంటే బరువు. పోటున్న జాగాలో ఇల్లు కడితే ఇంటి ఆడమనిషి మంచం పడుతుందన్నాడు. ఉరుకుందమ్మకు అప్పటికే నడుము నొప్పి. ఇంకేముంది, ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు.

విరుగుడు కూడా కంబన్నే చెప్పాడు. పోటు తగిలినంత మేర తెగ్గోసి బయట వదిలెయ్యాలి. వదలడమంటే గోడ లోపలికి జరుపుకుంటే సరిపోదు.

"మనసులో నాదే అనుకుంటివా, దోషం గోడ దూకి లోపలికొస్తాది," అన్నాడు కంబన్న. "నలుగురు ఇనేతట్ల నాది కాదని చెప్పల్ల. మళ్లా ఎప్పుడూ నాదనగూడదు."

అదేమీ కొత్త వింత కాదు. ఆ పేటలో ఒకడు ఆగ్నేయం ముక్క వదిలాడు, ఒకడు నైరుతి మూల వదిలాడు. వీరభద్ర కూడా తలస్నానం చేసి, తడిబట్టతో గోడకు గీసిన గీత మీద నిలబడి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, పడమటి దిక్కుకు తిరిగి గొంతెత్తి మూడుమాట్లు అన్నాడు. "ఈ జాగా నాది కాదు. ఈ జాగా నాది కాదు. ఈ జాగా నాది కాదు." పడమటింటి రసూల్ సాహెబ్ తన గడప మీద కూర్చుని విన్నాడు. కంబన్న విన్నాడు. దక్షిణం వైపు చేనిలో గడ్డి కోస్తున్న గిడ్డయ్య కొడవలి ఆపి విన్నాడు.

తొమ్మిది అడుగులు వదిలి, బేతంచెర్ల నాపబండలు నిలువునా పాతించి గోడ అనిపించాడు. ఇల్లు మాత్రం లేవలేదు. ఒక ఏడు వాన లేదు. వాన లేకపోతే జొన్న లేదు, జొన్న లేకపోతే గిర్నీ లేదు. ఇంకో ఏడు ఉరుకుందమ్మకు గర్భసంచి ఆపరేషను. పోటు వదిలినా మంచం పట్టింది కదా అని ఎవరూ అడగలేదు. వదిలారు గనుకే బతికిందని అందరూ అన్నారు.

ఈలోగా గిడ్డయ్య ఆ దక్షిణపు చేనిలో ఏడు సెంట్లు కొన్నాడు. దారి లేని ముక్క గనుక సగం ధరకు వచ్చింది. కొన్న మర్నాడు గిర్నీకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, మీ గోడ పక్కన పోతా వస్తా ఉంటే నీకేమన్నా ఇబ్బందా?"

నాది, పోవద్దు అనాలంటే నాది అనే మాట నోటితో అనాలి. వీరభద్ర అనలేకపోయాడు.

"నాదేముండాదప్పా అందులో. పో," అన్నాడు.

గిడ్డయ్య ఇల్లు కట్టాడు. గేటు వీరభద్ర వదిలిన ఆ సందులోకే పెట్టాడు. వాడి వెనక ఇంకో నాలుగిళ్లు లేచాయి. ఒక ఎండాకాలం మున్సిపాలిటీవాళ్లు వచ్చి మురికి కాలువ తవ్వారు, ఇంకో ఎండాకాలం సిమెంటు పోశారు. ఎర్రటి ఎండలో పనిచేస్తున్నారు పాపమని వీరభద్రే గిర్నీ నుంచి మజ్జిగ పంపించాడు. గోడ పక్కన సర్కారు రోడ్డు పడితే జాగా విలువ పెరుగుతుందని లోలోపల సంతోషపడ్డాడు కూడా.

కృపారాణి అంతా విని, దస్తావేజు ప్రకారం ముప్పై ఆరు అడుగులకే ప్లాను పెడతానంది. "సైటుకొచ్చేటోళ్లు ఏమంటారో చూద్దామన్నా. నా చేతిలో ఉండేది అంతే."

పదకొండు రోజులకు వార్డు సచివాలయం నుంచి ప్లానింగు సెక్రటరీ నవీన్ వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు గోడ బయట విడిచి లోపలికి వచ్చాడు. ఖాళీ జాగాలో చెప్పులెందుకు విడుస్తావయ్యా అంటే, రేపు ఇల్లయ్యేదే కదన్నా అన్నాడు. ఆ ఒక్క మాటకు వీరభద్ర కరిగిపోయి కూల్‌డ్రింకు తెప్పించాడు.

"అన్నా, గోడ పక్కన నిలబడు. ఫోటోలో ఓనరు రావల్ల," అన్నాడు నవీన్ ఫోను పైకెత్తి.

వీరభద్ర గోడ బయటికి వచ్చి, కండువాతో మొహం తుడుచుకుని, ఒక చెయ్యి నాపబండ మీద వేసి నిలబడ్డాడు. అతని వెనక సిమెంటు రోడ్డు, స్తంభం, ఆ చివర గిడ్డయ్య గేటు. ఫోటో బాగా వచ్చిందని నవీన్ చూపించాడు కూడా.

వినాయక చవితి మర్నాడు జవాబు వచ్చింది. కృపారాణి కంప్యూటర్లో చదివి, ఒకటికి రెండుసార్లు తెలుగులో చెప్పింది. పడమర రోడ్డు ఉంది గనుక ఆ తొమ్మిది అడుగులు ప్లానులో చూపించగూడదు. జాగా ముప్పై ఆరు కాదు, ఇరవై ఏడు. ఆ పైన, రోడ్డంటే ఇరవై అడుగులుండాలి. నడిమధ్య గీత నుంచి అటు పది, ఇటు పది. కాబట్టి గోడ లోపల ఇంకో ఐదున్నర అడుగులు మున్సిపాలిటీకి దానపత్రం రాసి రిజిస్టరు చేయించి తెచ్చుకుంటే పర్మిషను ఇస్తారు.

"దానమా?" అన్నాడు వీరభద్ర. "పిండి ఆడించుకోని బతికేటోడు దానం చేయల్లా?"

"పర్మిషను అడిగినోళ్లంతా చేయాల్సిందేనన్నా."

"మరి అవతల పక్క రసూల్ మామ ఇల్లుండాది. ఆయప్ప వదలడా?"

"ఆయన ఇల్లు పాతది. కూలగొట్టి కట్టేనాడు వదులుతాడు."

"అంటే పర్మిషను అడగనోడు చల్లగుండాడు."

"అంతేనన్నా," అంది కృపారాణి కళ్లు దించుకుని.

"అది రోడ్డని ఎవురు చెప్పినారు వాళ్లకు? ఫోటో చూసి చెప్పినారా?"

ఆ అమ్మాయి ఇంకో కాగితం తీసింది. ఆరేళ్ల కిందట గిడ్డయ్య ఇంటికి మున్సిపాలిటీ పాసు చేసిన ప్లాను. అందులో గిడ్డయ్య జాగాకు ఉత్తరాన ఒక సందు గీసి, 'ఉన్న రోడ్డు, తొమ్మిది అడుగులు' అని రాసి ఉంది. ఆ ప్లాను పాసైన రోజే వీరభద్ర జాగా రోడ్డయిపోయింది. ఆరేళ్లుగా అతను తనది కాని దాని పక్కన తనదని నమ్ముతూ తిరుగుతున్నాడు.

అక్కడి నుంచి తిన్నగా గిడ్డయ్య ఇంటికి పోయాడు. గిడ్డయ్య సందులోనే మోటారుసైకిలు కడుగుతున్నాడు. సబ్బు నీళ్లు సిమెంటు మీద పారుతున్నాయి.

"ఏమప్పా గిడ్డయ్యా, నా జాగాను రోడ్డని రాపిచ్చుకున్యావంట?"

"నీ జాగా యాడుండాదన్నా ఈడ?" గిడ్డయ్య తల ఎత్తలేదు.

"నువ్వు నిలబడింది యాడ? నీ బండి నిలబడింది యాడ?"

"రోడ్డు మీద."

"నీయవ్వ, ఇది నేను కొన్న జాగా! దస్తావేజు తెచ్చి నీ మొగానికి కొట్టేదా?"

"దస్తావేజు ఉండాదేమో. నాకేం తెల్సు. మూడుమాట్లు నాది కాదు, నాది కాదు, నాది కాదని అర్సింది నువ్వా, నేనా? గుమ్మడికాయ పలిగిన సప్పుడు ఇంగా నా చెవుల్లో ఉండాది."

"అది పోటుకు చెప్పింది. నీకు చెప్పినానా?"

"నేను ఇన్యానా లేదా? ఇన్నోడు నమ్మల్ల కదా. దేవుని ముందర చెప్పిన మాట అబద్ధమనుకోవల్లా?" గిడ్డయ్య గుడ్డ పిండి హ్యాండిలు మీద ఆరేశాడు. "సాయిబును అడుగు. ఆయప్ప అబద్ధం చెప్పడు."

రసూల్ సాహెబ్ తన గడప మీదనే ఉన్నాడు. డెబ్బై దాటినవాడు. దూదేకుల పని మానేసి పదేళ్లయినా చొక్కా మీద ఎక్కడో ఒక దూది పోగు ఉంటుంది. వీరభద్ర అతని ముందుకు పోయి నిలబడ్డాడు.

"మామా, నువ్వన్నా చెప్పు. ఇది నాది కాదా?"

"నీదేనప్పా. నువ్వు కొన్నప్పుడు నేనుండా. హద్దురాళ్లు పాతేనాడూ నేనుండా."

"ఇన్యావా!" వీరభద్ర గిడ్డయ్య వైపు తిరిగాడు.

"కానీ అన్యావు నాయనా," అన్నాడు రసూల్ సాహెబ్ నెమ్మదిగా. "నాది కాదని అన్యావు. నేను ఇన్యా. రేపు ఎవురన్నా పిలిచి అడిగితే రెండూ చెప్తా. ఒకటి చెప్పి ఒకటి దాచమంటే నాతో కాదు."

"దాచద్దులే మామా," అన్నాడు వీరభద్ర. అంతకు మించి ఆ ముసలాయన మీద కోపం తెచ్చుకోవడం అతని వల్ల కాలేదు. నోరు తెరిచి అబద్ధమాడితే తిట్టవచ్చు. నిజం చెప్పినవాణ్ణి ఏమని తిడతాడు?

మున్సిపాలిటీ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాడు. మొదటిసారి టౌన్ ప్లానింగు సారు కమిషనరు మీటింగులో ఉన్నాడు. రెండోసారి కర్నూలులో ఉన్నాడు. మూడోసారి కుర్చీకి కోటు ఉంది, సారు లేడు. నాలుగోసారి దొరికాడు. మంచి మాటకారి, కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు.

"రెండువందల పదహారు గజాలకు ఖాళీ జాగా పన్ను కడతాండా సార్. పదహారేండ్ల రసీదులుండాయి," అన్నాడు వీరభద్ర, సంచిలోంచి కట్ట తీసి బల్ల మీద పెడుతూ.

"కట్టు పెద్దాయనా, మంచిదే. పన్ను కడితే హక్కు వచ్చినట్టు కాదు. రసీదు వెనక రాసే ఉంటాం చూడు."

"మరి నా దస్తావేజు?"

"దస్తావేజు నిజమా కాదా అని తేల్చేది మేము కాదు. అది కోర్టు పని. మాకు కనబడేది సైటు. సైటులో రోడ్డుంది. జనం నడుస్తున్నారు. మేమే సిమెంటు పోశాం."

"నన్నడిగి పోసినారా సార్?"

"నువ్వు వద్దన్నావా?"

వీరభద్ర రసీదుల కట్ట మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. మజ్జిగ పంపించానని చెప్పుకుంటే ఇంకా అధ్వాన్నం.

"వీధిపోటుకు వదిలినా సార్," అన్నాడు చివరికి.

సారు నవ్వలేదు. అతనికీ సొంతిల్లు ఉంది కాబోలు. "నేనూ ఆగ్నేయంలో రెండడుగులు వదిలాను," అన్నాడు. "కానీ గోడ లోపల వదిలాను పెద్దాయనా. గోడ బయట కాదు."

వకీలు మాట ఇంకో రకం. కేసు వేస్తే గెలవవచ్చన్నాడు. ఎన్నాళ్లకని అడిగితే, తన దగ్గర ఒక దారి కేసు తండ్రి వేస్తే కొడుకు నడుపుతున్నాడని చెప్పాడు. అంతవరకు పర్మిషను సంగతేమిటంటే, కోర్టులో ఉన్న జాగాకు ఏ మున్సిపాలిటీ ఇస్తుందన్నాడు.

దసరా వెళ్లిపోయింది. బస్టాండు వెనక గది ఓనరు కొలతలు తీసుకోవడానికి మనుషుల్ని పంపడం మొదలుపెట్టాడు. వాళ్లు గిర్నీ ఆడుతుండగానే గోడల మీద ఎర్ర రంగుతో గీతలు గీసి పోయారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఉరుకుందమ్మే తేల్చింది.

"రాసిచ్చెయ్యి. ఐదున్నరడుగులే కదా."

"ఐదున్నర కాదే. ముందు తొమ్మిది పోయినాది. దాని మీద ఐదున్నర."

"ఉండేది చాలదా? ఇరవై ఒక్కటిన్నరడుగుల్లో మిషను పట్టదా? నువ్వు కోర్టుకు పోతే నేను సచ్చేనాటికి గూడా గిర్నీ లేవదు." కంచంలో వేలు పెట్టి గీస్తూ అంది. "అయినా ఇప్పుడు రోడ్డు పెద్దదయితాది. ఆ పోటు ఇంగ యాడ తగుల్తాదో."

"నీ పోటు మీద మన్ను పోయ్య!" అని కంచం తోసేసి లేచాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మీద అంత గట్టిగా అరవడం అదే మొదలు. ఆమె ఏడవలేదు. కంచం కడిగి బోర్లించింది.

రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట దస్తావేజు రాసే ఆయన చదివి వినిపించాడు. "...ప్రజోపయోగము నిమిత్తము, ఎవరి బలవంతము, ప్రేరేపణ లేక, నా పూర్తి ఇష్టముతో, సంతోషముతో..."

"సంతోషం తీసెయ్యప్పా," అన్నాడు వీరభద్ర.

"తీసేస్తే కమిషనరు తరపున తీసుకునేటోళ్లు ఒప్పుకోరన్నా. అది మామూలుగా రాసే మాట."

"నాకు మామూలు కాదు."

"సరే, ఇష్టం ఉంచుతా, సంతోషం తీసేస్తా," అన్నాడాయన. మళ్లీ ప్రింటు తీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అందులో ఆ మాట నిజంగా తీసేశారో లేదో వీరభద్ర చూసుకోలేదు. ఆ పత్రానికి స్టాంపు ఖర్చు, రాసే ఖర్చు, చివరికి జెరాక్సు ఖర్చు కూడా దానం చేసేవాడిదే.

ఇద్దరు సాక్షులు కావాలి. రసూల్ సాహెబ్ ఆటోలో వచ్చి ఒక మూల కూర్చున్నాడు. రెండో సాక్షి ఉరుకుందమ్మ అన్న. ఆయన పొద్దున బస్సెక్కాను అన్నాడు గానీ ఆ బస్సు దారిలో చెడిపోయింది. ఒంటిగంట కొట్టబోతోంది. ఒంటిగంటకు ఆఫీసు అన్నానికి లేస్తుంది. మధ్యాహ్నం నుంచి రిజిస్ట్రారు సారు ఉండడట. ఆ పూట తప్పితే శని, ఆదివారాలు సెలవు, సోమవారం ఇంకేదో సెలవు. కార్తీకం వెళ్లడానికి పన్నెండు రోజులే ఉన్నాయి.

అప్పుడు కనబడ్డాడు గిడ్డయ్య. తెల్ల చొక్కా, చంకలో ఫైలు. వేరే పని మీద వచ్చానన్నాడు. నిజమే కావచ్చు.

"ఏమన్నా, సాక్షి తక్కువైనాడంట కదా. నేను చేస్తా," అన్నాడు.

దస్తావేజు ఆయన గడియారం చూసి, "ఆధార్ కార్డుండాదా?" అని గిడ్డయ్యను అడిగాడు.

వీరభద్ర వద్దనవచ్చు. అనడానికి నోరు తెరిచాడు కూడా. లోపల కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినబడింది. ఉరుకుందమ్మ అతని వైపు చూడకుండా కొంగు సరిచేసుకుంది. అతను కాగితాలు గిడ్డయ్య వైపు జరిపాడు. గిడ్డయ్య వంగి, వేలిముద్ర పెట్టే డబ్బా కాడ తన వంతు వచ్చేదాకా ఓపిగ్గా నిలబడి, సంతకం అందంగా చేశాడు. వీరభద్ర సంతకం కంటే వాడిదే బాగుంది. వాడు పదో తరగతి చదివాడు.

"మనసులో ఏమీ పెట్టుకోవద్దన్నా," అన్నాడు బయటికి వచ్చాక. "రోడ్డు పెద్దదయితే నీకూ మేలే కదా."

"నీకు ఇంగా మేలు," అన్నాడు వీరభద్ర.

"అయితే ఏమప్పా, ఒకరికి మేలయితే ఇంకొకరికి కీడయితాదా?" అంటూ గిడ్డయ్య మోటారుసైకిలు తీశాడు.

దానపత్రం కంప్యూటర్లో ఎక్కింది. ఫైలు కదిలింది. కదిలినా దాని నడక దానిదే. కార్తీకం వెళ్లిన మర్నాడు గది ఓనరు మనుషులు వచ్చి తలుపులు పీకుతుంటే, వీరభద్ర గిర్నీ రాళ్లు, మోటారు, బెల్టు విప్పి ట్రాక్టరులో వేసి జాగాకు తెచ్చుకున్నాడు. నాపబండలు పీకి ఐదున్నర అడుగులు లోపలికి పాతించి, ఆ కొత్త గోడ పక్కన టార్పాలిన్ కప్పి పెట్టాడు. పాత జనం కొందరు గంపలెత్తుకుని వెతుక్కుంటూ వచ్చి, కప్పిన మిషను చూసి, ఎప్పుడు మొదలుపెడతావని అడిగి పోయారు. రెండో వారం ఎవరూ రాలేదు.

పుష్యమాసంలో కృపారాణి ఫోను చేసింది. పర్మిషను వచ్చిందంది. ఆ అమ్మాయి గొంతులో సంతోషం ఉంది, కాసేపటికి అది తగ్గింది. "అన్నా, ఇప్పుడు నీది రెండు రోడ్ల మూల జాగా అయింది. రెండు పక్కలా ఖాళీ వదలాలి. గదుల వెడల్పు పదమూడడుగులే పాసైంది."

ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకు పోయాడు. బ్యాంకు సారు కాగితం చూశాడు, కంప్యూటరు చూశాడు. జాగా తగ్గింది గనుక తాకట్టు విలువ తగ్గిందన్నాడు. గిర్నీ నడవడం లేదు గనుక ఆదాయం కూడా చూపించలేమన్నాడు. ఇవ్వగలిగిన అప్పు పునాదికి కూడా చాలదు. "ముందు గిర్నీ నడిపించండి. ఆర్నెల్ల లెక్క చూపించి రండి," అన్నాడు. గది కట్టడానికి అప్పు, అప్పుకు గిర్నీ, గిర్నీకి గది.

సంక్రాంతి దాటాక గిడ్డయ్య గేటు పక్కన ఇటుకలు దిగాయి. కాగితాల మీద ఇరవై అడుగుల రోడ్డు వచ్చింది గనుక దుకాణాలకు పర్మిషను వచ్చిందట. నెలన్నరలో రెండు షట్టరు గదులు లేపాడు. త్రీ ఫేజు మీటరు కూడా పెట్టించాడు. ఒక మధ్యాహ్నం వీరభద్ర టార్పాలిన్ ఎత్తి, బెల్టు ఎలుకలు కొరికాయేమో చూసుకుంటుంటే గిడ్డయ్య గోడ మీదుగా వంగి మాట్లాడాడు.

"అన్నా, మిషను తుప్పు పడతాండాది కదా. ఒక గది ఖాళీగా ఉండాది. బయటోళ్లకు ఏంటికి, నీకే ఇస్తా. బాడుగ ఎంతో నువ్వే చెప్పు."

వీరభద్ర ఒక బండరాయి ఎత్తుకున్నాడు. చేతిలో ఉంచుకున్నాడు. కాసేపటికి అది దించి, టార్పాలిన్ కొస ఎగరకుండా దాని మీద పెట్టాడు.

ఉరుకుందమ్మ పోయి మాట్లాడి వచ్చింది. అడ్వాన్సుకు మెడలో మిగిలిన గుండ్లు పెట్టింది. అతనికి చెప్పలేదు, అతనూ అడగలేదు. ఉగాదికి ముందు ఒక బుధవారం గిర్నీ మళ్లీ ఆడింది. మొదటి గంప గిడ్డయ్య ఇంటిదే, కొర్రలు. గిడ్డయ్య భార్య తెచ్చింది. తూకం వేసి, ఆడించి, గంప ఎత్తి ఆమె తల మీద పెట్టాడు.

ఇప్పుడు వీరభద్ర రోజూ పొద్దున ఉత్తరం రోడ్డు నుంచి ఆ సందులోకి తిరిగి గిర్నీకి నడుస్తాడు. ఎడమ చేతి వైపు తన నాపబండలు, బండల వెనక కంపచెట్లు మొలిచిన ఖాళీ జాగా. గిర్నీ గది బాడుగ ప్రతి నెలా ఐదో తేదీ గిడ్డయ్యకు ఇస్తాడు. ఎవరైనా కొత్తవాళ్లు, నీకు సొంత జాగా ఉండాదంట కదప్పా అంటే, ఉండాది, నూటాఇరవై తొమ్మిది గజాలు అంటాడు. మిగిలింది అడిగినవాళ్లకు అది కూడా చెబుతాడు. నాది కాదని అన్నందుకు పోయింది యాభై నాలుగు గజాలు, నాదని అడిగినందుకు పోయింది ముప్పై మూడు. మొత్తం ఎనభై ఏడు గజాలు.